ఊపిరికి దారి - ఏ సాధనం మేలు?

దోమకొండ పొలిమేరలో ఒక స్కూటరు పడిపోయిందనుకుందాం. మనిషికి స్పృహ లేదు, గొంతులోంచి గురక. చుట్టూ మూగినవాళ్ళలో ఎవరో ఒకరు "జర నోట్ల నీళ్ళు పొయ్యుండ్రి" అంటారు. కాని అది నిద్రలో గురక కాదు. నాలుక వెనక్కు వాలి గాలిదారిని మూస్తున్న చప్పుడు. నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకే పోవచ్చు. నాలుగైదు నిమిషాలు ప్రాణవాయువు అందకపోతే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సేవ ఆరంభమయింది. ఇలాంటి బండిలో పనిచేసే వారికి ప్రపంచమంతటా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: గాలిని లోపలికి పంపేదెట్లా?

మొదటిది మాస్కు, సంచి. ముఖానికి మాస్కు అదిమి సంచి నొక్కుతారు. సులువే, కాని గాలి కడుపులోకీ పోతుంది. రెండవది శ్వాసనాళంలోకి పంపే గొట్టం. లారింగోస్కోపుతో నాలుకనెత్తి, స్వరతంతువులను చూస్తూ దింపాలి. వాంతి ఊపిరితిత్తుల్లోకి దిగకుండా బాగా కాపాడేది ఇదే. అయితే పొరపాటున అన్నవాహికలోకి పోయి, ఆ సంగతి గుర్తించకపోతే ప్రాణమే పోతుంది. మూడవది గొంతుపైన కూర్చునే సాధనం. డాక్టర్ ఆర్చీ బ్రెయిన్ 1981లో రూపొందించిన లారింజియల్ మాస్కు, తర్వాత వచ్చిన ఐ-జెల్ ఈ జాతివే. లోపలికి చూడనక్కరలేదు, త్వరగా అమరుతుంది. వాంతిని మాత్రం గొట్టమంతగా ఆపదు.

మరి ఏది మేలు? ఇంగ్లండులో ఆస్పత్రి బయట గుండె ఆగిన 9,296 మందిపై అంబులెన్సు సిబ్బంది చేసిన పరిశీలన 2018లో వెలువడింది. మొదటి రెండు ప్రయత్నాల్లోపల గాలి అందించగలిగినది ఐ-జెల్‌తో 87.4 శాతం, గొట్టంతో 79 శాతం. బాగా కోలుకున్నవారు మాత్రం 6.4, 6.8 శాతం, అంటే చెప్పుకోదగ్గ తేడా లేదు. గుండె ఆగినవారి లెక్కను ప్రమాద బాధితులందరికీ అంటగట్టలేము గాని, ఒక్క నీతి తేలుతున్నది: రోగికి కావలసింది గొట్టం కాదు, గాలి. చేతికి బాగా అలవాటైన సాధనమే మేలైనది.

మిత్రులారా! బండి వచ్చేదాకా మన దగ్గరా ఒక సాధనం ఉన్నది - మన వేళ్ళు. మెడ కదిలించకుండా, కింది దవడ మూలలను ముందుకెత్తితే నాలుక లేచి దారి తెరుచుకుంటుంది. 108కి ఫోను చేయండి, దవడ ఎత్తండి. నీళ్ళు మాత్రం పోయకండి.