కార్చిచ్చు కాలమున శ్రీశైల ప్రయాణము

ఒకప్పుడు బండరాళ్ళతో నిండియుండిన మాదాపూరులో 1998వ సంవత్సరమున సైబర్ టవర్స్ అను భవనము వెలసినది. నాటినుండి ఆ చుట్టుపట్ల హైటెక్ సిటీ యను పేర ఒక పెద్ద ఉద్యోగ నగరమే పెరిగినది. వారమంతయు గాజుమేడలలో పనిచేయు అచ్చటి ఉద్యోగులు శనివారము తెల్లవారుజామున కార్లలో శ్రీశైలమునకు బయలుదేరుట పరిపాటి. ఔటర్ రింగు రోడ్డుమీదుగా తుక్కుగూడ చేరి, కల్వకుర్తి, డిండి దాటినచో మన్ననూరు వచ్చును. మొత్తము దూరము సుమారు 230 కిలోమీటర్లు. మన్ననూరు దాటినదాదిగా దారి నల్లమల యడవిలో ప్రవేశించును. 2014లో రాష్ట్ర విభజన జరిగిన పిమ్మట కృష్ణకు ఉత్తరముననున్న ఈ భాగము అమ్రాబాదు పులుల అభయారణ్యమైనది. దాని వైశాల్యము 2,600 చదరపు కిలోమీటర్లకు మించినది.

ఇది ఆకురాల్చు అడవి. మాఘమాసము వచ్చుసరికి టేకు, నల్లమద్ది, తునికి చెట్లు ఆకులు రాల్చును, గడ్డి యెండును, వెదురు పొదలు వరుగులగును. శివరాత్రికి, ఉగాదికి యాత్రికులు శ్రీశైలమునకు తండోపతండములుగా పోవునదియు సరిగా ఈ దినములలోనే. నల్లమలలో మంటలకు పిడుగులు కారణమగుట అరుదు. ఆర్పక పారవేసిన బీడీముక్క, దారిప్రక్కన వండుకొని చల్లార్చక విడిచిన పొయ్యి, ఇప్పపువ్వు ఏరుకొనుటకై చెట్టుక్రింద ఆకులకు పెట్టిన నిప్పు - చాలవరకు ఇట్టివే కారణములు. కావున కార్చిచ్చును తప్పించుకొనదలచిన బాటసారియే కార్చిచ్చునకు కారకుడగుటయు కలదు.

ఇచ్చటి మంట తరచుగా నేలబారున, ఆకుల వెంబడి ప్రాకును. మహావృక్షములు దానిని తట్టుకొనును. మొలకలు, నేలమీద గూళ్ళు కట్టు పక్షుల గ్రుడ్లు, తాబేళ్ళు మాత్రము తప్పించుకొనలేవు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున మంట చెట్ల తలలనుండి తలలకు దూకును. 2018 నవంబరు 8వ తేదీన అచ్చట ఒక విద్యుత్తు లైనువలన చెలరేగిన మంట ప్యారడైజ్ అను పట్టణమును దగ్ధము చేసినది. 85 మంది మరణించిరి. దానికి 200 కిలోమీటర్ల పైబడి దూరమునగల శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమునందు, మన తెలుగువారనేకులు నివసించు నగరములలో, జనులు దినములతరబడి ముసుగులు ధరించి తిరిగిరి. ఇంటివంటి సదుపాయములుగల పెద్ద వాహనములలో విహరించు అచ్చటివారు మంటలున్న దిక్కు విడిచి మరియొక దిక్కునకు మరలుదురు. శ్రీశైల యాత్రికునకు ఆ వెసులుబాటు లేదు. కర్నూలుమీదుగా పోయినను, మాచర్లమీదుగా పోయినను, దోర్నాలనుండి నల్లమలనే దాటవలెను. అతడు మార్చుకొనదగినది దారికాదు, వేళ.

వేళ నిర్ణయించుటకు ఆకాశమునుండి సహాయము లభించును. భూమిని చుట్టివచ్చు ఉపగ్రహములు నేలమీది వేడిని గ్రహించి, మంటలున్న చోటులను తెలుపును. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రమువారు షాద్‌నగరులోని తమ భూకేంద్రమున అట్టి సమాచారమును గ్రహించుచున్నారు. డెహ్రాడూనులోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ అటవీ సిబ్బందికి సెల్‌ఫోన్ల ద్వారా హెచ్చరికలు పంపుచున్నది. పటముమీద మంటలు ఎఱ్ఱచుక్కలుగా కానవచ్చును. అయితే ఆ చుక్కను చదువుట నేర్వవలెను. విర్స్ అను పరికరము చూపు ఒక్కొక్క చుక్క 375 మీటర్ల చదరమునకు గుర్తు. ఆ చదరమంతయు మండుచున్నదని అర్థము కాదు. ఆ పరికరమును మోయు ఉపగ్రహములు పగలు ఒంటిగంటన్నర ప్రాంతమునను, రాత్రి అదే వేళకును మాత్రమే పైనుండి పోవును. మధ్యాహ్నము మూడు గంటలకు రగిలిన మంట అర్ధరాత్రి దాటువరకు వాటికి కానరాదు. చుక్క లేనంతమాత్రమున మంట లేదని నిశ్చింతగా బయలుదేరుట తెలివికాదు. మన్ననూరు అటవీద్వారమువద్ద సిబ్బంది నడిగి తెలిసికొనుటయే మేలు.

ఆ ద్వారము రాత్రి తొమ్మిది గంటలకు మూసి, ఉదయము ఆరు గంటలకు తెరతురు. వన్యమృగముల క్షేమముకొఱకు పెట్టిన నియమమిది. నాలుగు గంటలకు హైటెక్ సిటీలో బయలుదేరినవారు ఏడింటికి మన్ననూరు చేరుదురు. ఆ వేళ గాలి చల్లగా, తేమగా నుండుటచే మంట మందగించియుండును. పొగ సంగతి వేరు. రాత్రి చల్లబడిన గాలి పొగను లోయలలోనికి అణచివేయును. ఎండ యెక్కినగాని అది పైకి లేవదు. ఏడింటికి లోయ కనుపించకున్నచో మన్ననూరులోనే ఫలాహారము ముగించి, తొమ్మిదింటికి కదలవచ్చును. పండ్రెండు మొదలు నాలుగు గంటలవరకు ఎండ, వడగాలి కూడి మంటకు బలమిచ్చును. ఆ వేళకు అడవి దాటియుండవలెను.

పొగలోని సూక్ష్మరేణువులు రెండున్నర మైక్రాన్లకన్న చిన్నవి. మనుష్యుని వెండ్రుక మందములో సుమారు ముప్పదవ వంతు. చేతిరుమాలు వాటిని ఆపలేదు. ఎన్-95 ముసుగు ఆపును. ఉబ్బసము గలవారిని, పసిపిల్లలను పొగదినములలో ఇంటనుంచుట మంచిది. త్రోవలో పొగ క్రమ్మినచో కారు అద్దములు మూసి, లోపలి గాలియే తిరుగునట్లు మీట త్రిప్పి, దీపములు వంచి మెల్లగా నడుపవలెను. ఎత్తిన దీపకాంతి పొగపైబడి తిరిగి కన్నులకే కొట్టును. మంటకు వెరచిన దుప్పులు ఏ క్షణముననైన రోడ్డునకు అడ్డముగా దూకవచ్చును. జ్వాల రోడ్డు నంటినచో దాటిపోవ సాహసింపక వెనుకకు మరలి, అటవీ సిబ్బందికి తెలుపవలెను.

ఆ మంట నార్పువారిలో అనేకులు చెంచులు. అటవీశాఖవారు వేసవికి ముందే అడవిలో గడ్డి, ఆకులు తొలగించి అగ్నిరేఖలు తీర్తురు. మంట అచ్చటికి వచ్చి మేత దొరకక ఆగును. ఆగనిచోట కావలివారు పచ్చికొమ్మలతో కొట్టుదురు. వీపున గాలియంత్రము తగిలించుకొని ఎండుటాకులను మంట దారినుండి చిమ్ముదురు. ఫైరింజను నల్లమల లోయలలోనికి దిగలేదు. హైటెక్ సిటీ కార్లు శ్రీశైలము చేరి తిరిగివచ్చు వేళకు వారు మరియొక కొండవాలున ఆకులు చిమ్ముచుందురు.