తొట్టెలోని చేపలు చనిపోవునపుడు నీటిని బాగుచేయు విధము

యాచారము ప్రాంతమున ఇంటిముంగిట సిమెంటు హౌజు గల గృహములు పెక్కు గలవు. దోమలు పెరుగకుండుటకు కొందరును, పిల్లల వేడుకకై కొందరును, నాలుగు చేపలు పెంచి కూరకు వాడుకొందమని కొందరును అందులో చేపలను విడుచుచున్నారు. మొదటి వారము చేపలు చురుకుగా తిరుగును, వేసిన మేతనెల్ల తినును. ఇంతలో ఒకనాటి వేకువను అవి నీటిపైకి వచ్చి నోళ్ళు తెరచుచు మూసుచు కనబడును. సాయంకాలమునకు ఒకటి రెండు వెల్లకిలబడును. ఇంటివారు ఇది రోగమని తలచి ఏదో మందు పోయుదురు. లేదా నీరంతయు పారబోసి క్రొత్తనీరు నింపుదురు. ఈ రెండు పనులును పలుమారు మిగిలిన చేపల ప్రాణమును గూడ తీయుచుండును.

ఈ సంగతిని నేను నా తప్పువలననే నేర్చుకొంటిని. కొన్ని సంవత్సరముల క్రిందట మన సభ్యులలో నొకరి ఇంట ఇంచుమించు 500 లీటర్ల తొట్టెలో ఇరువది వరకు చేపలుండెను. అవి పైకి వచ్చి రొప్పుచున్నవని నన్ను పిలిచిరి. నేను నీటి రంగు చూచి, "నీరు చెడినది, ఖాళీచేసి, అడుగును గోడలను బాగుగా తోమి, నల్లానీరు నింపుడు" అని చెప్పితిని. వారు నా మాట తుచ తప్పక చేసిరి. మరునాడు తెల్లవారుసరికి ఒక్క చేపయు మిగులలేదు. ఆ ఇంటి పెద్దమ్మ నన్ను చూచి, "మేము తాగే నీళ్ళే పోసినం గద సారూ, మరి చేపలెట్ల సచ్చినయి?" అని అడిగెను. ఆనాడు నా యొద్ద జవాబు లేకపోయెను. ఇప్పుడున్నది గనుక, అట్టి నష్టము మరియొక ఇంట కలుగకుండ ఇక్కడ వ్రాయుచున్నాను.

విషమెచ్చటనుండి వచ్చును?

చేప తాను తిన్న మేతలోని నత్రజనిలో చాల భాగమును అమ్మోనియా రూపమున మొప్పలగుండ నీటిలోనికే విడుచును. తినక మిగిలిన మేత క్రుళ్ళినపుడును అమ్మోనియాయే పుట్టును. దీనిని రైతు లెక్కలో చూతము. నూటికి 30 పాళ్ళు మాంసకృత్తులు గల మేత 100 గ్రాములలో సుమారు 5 గ్రాముల నత్రజని యుండును. యూరియాలో నూటికి 46 పాళ్ళు నత్రజని గలదని మనకు తెలిసినదే. కనుక 100 గ్రాముల మేత వేయుట 10 గ్రాముల యూరియాలో నున్నంత నత్రజనిని తొట్టెలో వేయుటయే. అందులో చేప తన దేహమున నిలుపుకొనునది రమారమి మూడవవంతునకు మించదు. మిగిలినదంతయు నీటి పాలగును.

అట్లయిన ఇబ్రహీంపట్నము పెద్దచెరువులోని చేపలేల బ్రదుకుచున్నవి? 16వ శతాబ్దమున కుతుబ్‌షాహీ సుల్తాను ఇబ్రహీం కాలమున ఏర్పడినదని చెప్పబడు ఆ చెరువులో నీరు మార్చువారెవరును లేరు. అచ్చట నీరు విస్తారము, చేపలు పలుచన; అడుగు బురదలోను, రాళ్ళపైనను, మొక్కల కాడలపైనను అసంఖ్యాకములైన సూక్ష్మజీవులు పని చేయుచుండును. వానిలో నొక తెగ అమ్మోనియాను నైట్రైటుగా మార్చును. మరియొక తెగ ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చును. అమ్మోనియా, నైట్రైటు రెండును చేపకు విషములు. నైట్రేటు మిక్కిలి పేరుకొన్ననే గాని అపాయకరము కాదు, మొక్కలకు ఆహారము.

ఇది రైతునకు క్రొత్త సంగతి కాదు. పొలములో చల్లిన యూరియా నైట్రేటుగా మారునది ఈ జాతి సూక్ష్మజీవుల వలననే. 1877వ సంవత్సరమున ష్లోజింగ్, మ్యూంట్జ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు మురుగునీటిని ఇసుకగుండ మెల్లగా పంపి, అందలి అమ్మోనియా నైట్రేటగుటను చూచిరి. క్లోరోఫాం ఆవిరి తగిలించినంతనే ఆ మార్పు నిలిచిపోయెను. కనుక అది ప్రాణుల చేతి పనియని తేలెను. 1890 ప్రాంతమున వినోగ్రాడ్‌స్కీ అను రష్యను శాస్త్రజ్ఞుడు ఆ సూక్ష్మజీవులను వేరుపరచి చూపెను.

క్రొత్త తొట్టెలో ఇవి లేవు. తగినంత పెరుగుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. మనము మొదటి దినముననే ఇరువది చేపలను విడిచి పిడికెడు మేత వేయుదుము. పనివారు రాకముందే పని కుప్పపడినట్లగును.

అమ్మోనియా ఎప్పుడు కఱచును?

అమ్మోనియా నీటిలో రెండు రూపముల నుండును: ఒకటి ఇంచుమించు నిరపాయము, రెండవది మొప్పలను కాల్చునది. ఎంత భాగము విషరూపమున నుండునో నీటి క్షారగుణము నిర్ణయించును. ఈ గుణమును పి.హెచ్. అను అంకెతో కొలుతురు. 7 సమము, అంతకు తక్కువ ఆమ్లము, ఎక్కువ క్షారము. నీటి వేడి 30 డిగ్రీలున్నపుడు పి.హెచ్. 7 వద్ద మొత్తము అమ్మోనియాలో నూటికి ఒకపాలు కూడ విషరూపమున నుండదు. 8 వద్ద నూటికి ఏడెనిమిది పాళ్ళు. 9 వద్ద నూటికి 45 పాళ్ళ దరిదాపునుండును. అమ్మోనియా పెరుగకున్నను, క్షారము పెరిగినంత మాత్రమున చేపలు చచ్చుట ఇందువలననే.

క్రొత్త సిమెంటు తొట్టె గోడలనుండి సున్నము నీటిలోనికి దిగి క్షారమును పెంచును. పచ్చనాచు పట్టిన తొట్టెలో మధ్యాహ్నపుటెండకు పి.హెచ్. పైకి పోయి, రాత్రికి దిగివచ్చును.

ఇక పాత తొట్టె సంగతి. సూక్ష్మజీవులు అమ్మోనియాను మార్చునపుడు నీటిలోని క్షారనిలువ ఖర్చగును. చాలకాలము నీరు మార్చనిచో నీరు ఆమ్లముగా మారి, సూక్ష్మజీవుల పని మందగించి, అమ్మోనియా నిరపాయరూపమున పేరుకొనును. అట్టి తొట్టెలో ఒక్కసారిగా సగము నీరు తీసి క్షారముగల బోరునీరు పోసినచో, మిగిలిన సగములోని అమ్మోనియా గడియలో విషరూపము దాల్చును. మంచినీరు పోసితిమి, చేపలు చచ్చినవని జనులు వింతపడుదురు.

పెద్దమ్మ ప్రశ్నకు జవాబు

నా సలహాలో మూడు తప్పులుండెను. గోడలు తోమించుటచే నిలిచియున్న కొద్ది సూక్ష్మజీవులను గూడ కడిగివేయించితిని. నీటి గుణమును, వేడిని ఒక్కసారిగా మార్పించితిని. అన్నిటికంటె పెద్దతప్పు క్లోరిన్‌ను మరచుట. నల్లానీటిలో రోగక్రిములు చచ్చుటకు క్లోరిన్ కలుపుదురు. త్రాగునీటిలో లీటరునకు కనీసము 0.2 మిల్లిగ్రాములు మిగిలియుండవలెనని భారత ప్రమాణము. మనము త్రాగిన నీరు కడుపులోనికి పోవును గనుక ఆ కొలత మనకు మేలే చేయును. చేప ఆ నీటినే మొప్పలగుండ రేయింబవళ్ళు పీల్చును. దాని పలుచని మొప్పలకు అందులో పదవవంతు క్లోరిన్ కూడ హాని చేయగలదు. ఆ పెద్దమ్మ అడిగిన ప్రశ్నకు ఇదియే జవాబు.

నీటిని చక్కబరచు క్రమము

1. మొదట మేత ఆపవలెను. ఎదిగిన చేప నాలుగైదు దినములు మేత లేక సులభముగా బ్రదుకును. చచ్చిన చేపలను, అడుగున మిగిలిన మేతను వెంటనే తీసివేయవలెను.

2. నీటికి గాలి తగిలించవలెను. చిన్న గాలి మోటారున్న మేలు. లేనిచో చెంబుతో నీరు ముంచి ఎత్తునుండి పోయుచుండవలెను. 30 డిగ్రీల నీటిలో ప్రాణవాయువు లీటరునకు ఏడున్నర మిల్లిగ్రాములకు మించి సహజముగా నిలువదు గనుక వేసవిలో ఈ పని మరింత ముఖ్యము. కొర్రమీను గాలి పీల్చుటకు పైకి వచ్చుట దాని స్వభావము. దానిని చూచి భయపడనక్కరలేదు.

3. నీటిని పరీక్షించవలెను. పి.హెచ్., అమ్మోనియా, నైట్రైటు ఈ మూడింటికిని కాగితపు పట్టీలు, చుక్కల మందులు చేపతొట్లు అమ్ము దుకాణములలో దొరకును. తొట్టెనీటితోబాటు పోయబోవు నీటిని గూడ పరీక్షించుట మరువరాదు.

4. పోయబోవు నీటిని ముందుదినమే సిద్ధపరచవలెను. నల్లానీటిని వెడల్పు పాత్రలలో ఎండ తగులునట్లు ఒక దినముంచి, నడుమ కలియబెట్టినచో క్లోరిన్ చాలవరకు పోవును. తొందర యున్నచో హైపో అను సోడియం థయోసల్ఫేటు పలుకులు 100 లీటర్లకు 1 గ్రాము కరగించి కలిపిన చాలును. బోరునీటిలో క్లోరిన్ లేకున్నను ప్రాణవాయువు తక్కువ. దానినిగూడ ఎత్తునుండి పోసి, నిలువయుంచియే వాడవలెను.

5. దినమునకు నాలుగవవంతు నీరు మాత్రము తీసి, అంతే సిద్ధపు నీటిని మెల్లగా పోయవలెను. పాతనీటి పి.హెచ్. 6.5 కంటె తక్కువయై, క్రొత్తనీటిది 8 కంటె ఎక్కువయైనచో ఒకమారు పదవవంతుకు మించి మార్చరాదు.

6. నైట్రైటు కనబడినచో లీటరునకు 1 గ్రాము చొప్పున దొడ్డుప్పును వేరుపాత్రలో కరగించి, రెండు మూడు విడతలుగా కలుపవలెను. నైట్రైటు చేప నెత్తురును గోధుమవన్నెకు త్రిప్పి ప్రాణవాయువును మోయనీయదు. ఉప్పులోని క్లోరైడు నైట్రైటును మొప్పలయొద్దనే అడ్డగించును. ఉప్పు ఒక్కమారే వేయవలెను. తరువాత తీసిన నీటికి తగినంత మాత్రమే చేర్చవలెను.

7. అడుగు కంకరను, గోడల జిగురును తోమరాదు. ఆరోగ్యముగా నున్న మరియొక తొట్టెనుండి రెండు దోసిళ్ళ కంకరను తడియారకుండ తెచ్చి వేసినచో పాలలో తోడు వేసినట్లు సూక్ష్మజీవులు త్వరగా వృద్ధిపొందును. కంకరను కడుగవలసి వచ్చిన తొట్టెనుండి తీసిన నీటిలోనే జాడించవలెను.

8. అమ్మోనియా, నైట్రైటు రెండును వారము దినములు కనబడకున్న తరువాత, వెనుకటి మేతలో నాలుగవవంతుతో ఆరంభింపవలెను. అయిదు నిమిషములలో తిని ముగించునంత మేతయే మేత, మిగిలినది విషము.

మరల రాకుండుటకు

క్రొత్త సిమెంటు తొట్టెను నీటితో నింపి, మూడు నాలుగు దినములకొకమారు ఖాళీచేయుచు, పి.హెచ్. 8.5 లోపునకు దిగువరకు చేపలను విడువరాదు. మొదట నాలుగు చిన్న చేపలను మాత్రము విడిచి, నెల గడచిన పిమ్మట కొలదికొలదిగా పెంచవలెను. ఆపైన వారమునకు అయిదవవంతు నీరు మార్చిన చాలును. ఆ తీసిన నీటిలో నైట్రేటు గలదు. టమాట మడికో, కూరగాయల పాదులకో పోసికొనవచ్చును. ఉప్పు కలిపిన నీటిని మాత్రము మళ్ళలోనికి విడువరాదు.

పైన చెప్పిన ఇంటివారు మరల చేపలు తెచ్చిరి. ఈమారు మొదట నాలుగే తెచ్చి, నెలన్నర ఓపికపట్టి తక్కినవి విడిచిరి. వేసవి యంతయు గడచినను అవి క్షేమముగా నుండెను. ఆ ఇంట తొట్టె ప్రక్కనే నీరు నింపిన వెడల్పు గంగాళమొకటి ఎప్పుడును ఎండలో నుండును. దానిలోని నీటిని పిల్లలు తొందరపడి తొట్టెలో పోయబోయినచో, "రేపటిదాక ఆగుండ్రి" అని పెద్దమ్మయే ఆపుచుండును.