బట్టీలో ఆరిన రాగులు

తుఫాను అనగానే మనవారికి కోస్తా జిల్లాలు మనసులో మెదులుతాయి. 1977లో దివిసీమ, 1996లో కోనసీమ, 2014లో విశాఖపట్నం ఎంత బాధ పడినవో అందరికీ తెలిసినదే. మాలూరు తాలూకాలో తమిళనాటి సరిహద్దుకు చేరువగా ఉన్న మా మాస్తి సముద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం, రెండున్నర వేల అడుగులకు పైగా ఎత్తు. సముద్రపు ఉప్పెన మా దరికి రాదు. గాలి కూడా దారిలోనే నీరసించిపోతుంది. మిగిలిన వాన మాత్రం మా మీదికి వస్తుంది. అది వచ్చే వేళ కార్తీకమాసం, అంటే రాగి కోతల కాలం. మా చిక్కంతా అక్కడే ఉన్నది.

2021 నవంబరు 11న ఒక వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటింది. ఆ తడి ఆరకముందే ఇంకొకటి 19వ తేదీ తెల్లవారుజామున చెన్నై, పుదుచ్చేరిల నడుమ తీరం దాటింది. ఆనాడు కార్తీక పౌర్ణమి. దీపాలు పెట్టవలసిన వాకిళ్ళలో నీళ్ళు నిలిచాయి. కోసి చేలో పరచిన రాగి పనలు పరచినట్లే నీటిలో నానాయి. కోయని చేలలో పైరు నేలకు వాలి, వెన్నులోనే గింజ మొలకెత్తింది. పచ్చటి మొలకలు వెన్నుల నిండా కనిపిస్తూ ఉంటే, చూడడానికి అందంగా, తలచుకుంటే కడుపులో దిగులుగా ఉండేది.

రాగి గొప్పతనమంతా దాని ఎండులో ఉన్నది. బాగా ఎండిన రాగులు పాతరలో పోస్తే ఏళ్ళ తరబడి పురుగు పట్టకుండా నిలుస్తాయని మన పెద్దలు ఎరుగుదురు. కరవు దేశంలో వారిని కాపాడిన గింజ ఇదే. తడిసిందంటే మాత్రం వారం రోజులు ఓర్చుకోదు. ఆ యేడు ప్రభుత్వపు మద్దతు ధర క్వింటాలుకు 3,377 రూపాయలు. అయితే కొనుగోలు కేంద్రంలో తేమ నూటికి 12 పాళ్ళు మించకూడదు గదా! ఆకాశం ముసురుపట్టి ఉండగా ఆ లెక్కకు గింజను ఎక్కడ ఆరబెట్టాలి? డిసెంబరులో కర్ణాటక ప్రభుత్వం వర్షాధారపు పైరుకు నష్టపరిహారాన్ని హెక్టారుకు 6,800 నుండి 13,600 రూపాయలకు పెంచింది. అది రైతుకు కొంత ఊరట. కాని పరిహారం వచ్చేలోగా పూట గడవాలి. రాగిగడ్డి కూడా నల్లబడి బూజు పట్టడంతో పాడిపశువుల మేతకూ కటకట వచ్చింది. పాల డబ్బుతో నడిచే సంసారాలు మా వైపు ఎన్నో ఉన్నవి.

నీళ్ళు ఎక్కువయ్యాయని వాపోవడం కోలారు జిల్లావారికి అలవాటు లేని పని. మాకు జీవనది లేదు, చెరువులే దిక్కు. బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి మా జిల్లా చెరువులకు మళ్ళించే పథకం 2018లో మొదలైనప్పుడు, ఆ నీళ్ళ మంచిచెడ్డలపై ఎన్ని వాదాలు జరిగినా, చెరువులో నీళ్ళు చూశామన్న సంతోషం చాలమందికి కలిగింది. అలాంటిచోట 2021లో చెరువులు మొరవ పారాయి. పిల్లలు చూడడానికి పరుగెత్తారు, పెద్దలు కొబ్బరికాయలు కొట్టారు. మొరవ నీళ్ళు రోడ్డు దాటేచోట బస్సు ఆగిపోయింది. ఆ బస్సు కోసమే రోగులు, కూలివారు, పరీక్షలకు వెళ్ళే పిల్లలు కాచుకొని ఉన్నారు.

బస్సుకూ రాగికీ ఇంకొక సంబంధం ఉన్నది. ఈ వైపు ప్రయాణం చేసినవారు చూసే ఉంటారు. కళ్ళాలు తగ్గిపోయిన తరువాత మా రైతులు రాగి పనలను, ఉలవలను తారురోడ్డు మీద పరుస్తారు. పోయే బండ్ల చక్రాలే నూర్పిడి చేస్తాయి. ద్విచక్రవాహనాల వారు జారి పడతారని అధికారులు మందలించడమూ మామూలే. వాన వెలిసిన మొదటి రోజున రోడ్డు తప్ప గట్టిగా ఉన్న నేల ఎక్కడా లేదు. అందరూ అక్కడికే తెచ్చారు. గంట ఎండ కాసింది, మళ్ళీ చినుకులు పడ్డాయి. ఎత్తిన గింజలో సగం ఇసుక.

కరెంటు కూడా వస్తూ పోతూ ఉండేది. పిండిమర ఆగింది. అటక మీది తిరగళ్ళు దిగాయి. అప్పుడు మాకు అక్కరకు వచ్చినది కట్టెలతో కాల్చే బట్టీ గల ఒక చిన్న బేకరీ. బట్టీలు మా తాలూకాకు కొత్త కావు. మాలూరు పెంకులు, ఇటుకలు ఎక్కడెక్కడికో వెళ్ళాయి. రొట్టెల బట్టీ మాత్రం తరువాత వచ్చినది. బెంగుళూరు చిక్కపేటలో 1898లో మొదలైన అయ్యంగార్ల బేకరీ వ్యాపారం, తరాలు గడిచేసరికి చిన్న చిన్న ఊళ్ళకు కూడా బన్నును, బెణ్ణె బిస్కత్తును అలవాటు చేసింది.

తెల్లవారుజామున రొట్టెలు తీసిన తరువాత ఇటుక గోడలలో మధ్యాహ్నం దాకా వేడి మిగిలి ఉంటుంది. ఆ వేడిలో గింజలు ఆరబెట్టుకోవచ్చునా అని మా వీధి ఆడవారము అడిగితే బేకరీ యజమాని సరే అన్నారు. కట్టెల ఖర్చుకు మేము తలా కొంత వేసుకొన్నాము. చేయి లోపల పెట్టి పది లెక్కపెట్టగలిగినంత వేడికి బట్టీ దిగిన తరువాత, రొట్టెల రేకుల మీద వ్రేలిమందాన రాగులు పరచి లోపలికి తోసేవారము. తలుపు కొద్దిగా తెరచి ఉంచాలి, లేకపోతే ఆవిరి పోదు. పావుగంటకొకసారి కలపాలి. గింజ పంటికింద కటుక్కుమంటే ఆరినట్లు. విత్తనానికి ఉంచుకొనే రాగులను మాత్రం బట్టీ దగ్గరకు రానీయకూడదు. వాటిని నీడలో, గాలి తగిలేటట్లు పలుచగా ఆరబెట్టాము.

రోజుకు రెండు మూడు మూటల కంటే ఎక్కువ పట్టేది కాదు. వంతు ఎవరిది ముందు? ఇక్కడ మాటామాటా పెరిగింది. పొలం ఉన్నవారికి మూటలు ఎక్కువ, తొందర ఎక్కువ. చివరకు కూలిగా తెచ్చుకొన్న గింజలే తప్ప వేరే తిండి లేని ఇళ్ళకు మొదటి వంతు అని నిర్ణయమైంది. కొందరు రెండు రోజులు ముఖం చిట్లించారు. మూడవ రోజున వారే రేకులు మోయడానికి వచ్చారు. పొలం మొత్తాన్ని ఆ బట్టీ కాపాడలేదు. ఇంటి తిండి గింజలను కాపాడింది.

మొలకెత్తిన రాగుల వంట విషయం మన సోదరీమణులకు ఉపయోగపడుతుందని వ్రాస్తున్నాము. మొలక వచ్చిన గింజలో పిండిని తీపిగా మార్చే గుణం పుడుతుంది. అందుచేత ఆ పిండితో సంగటి కెలికితే ముద్ద నిలవదు, జారిపోతుంది. జావకు మాత్రం అది శ్రేష్ఠము; పలుచగా, తియ్యగా ఉండి పిల్లలకు, ముసలివారికి సులువుగా అరుగుతుంది. రొట్టెకైతే పాత రాగిపిండి రెండు పాళ్ళకు ఇది ఒక పాలు కలిపి, వేడినీళ్ళతో తడిపి, ఉల్లిపాయ, కరివేపాకు వేసి పెనం మీద తట్టుకోవాలి. బేకరీలో గోధుమపిండి నాలుగు పాళ్ళకు ఒక పాలు కలిపి బన్నులు కాల్చి చూశారు. రాగిలో సాగే జిగురు లేదు గనుక అంతకు మించితే బన్ను పొంగదు. రంగు, వాసన బాగా వచ్చినవి. ముక్కవాసన వచ్చినా, నల్లని లేక పచ్చని బూజు కనబడినా ఆ గింజలు పారవేయవలసిందే. కడిగినా, వేయించినా ఆ విషం పోదు. పశువులకు, కోళ్ళకు కూడా పెట్టరాదు.

మా బాధ ఇంతటితో సరి. 19వ తేదీ ఉదయమే కడపజిల్లాలో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, రాజంపేట వైపు పల్లెలు కొట్టుకుపోయాయి. నందలూరు, రాజంపేటల మధ్య రైలు కట్ట కోసుకుపోయింది. తిరుపతి వీధులు ఏరులయ్యాయి. శ్రీవారి మెట్టు దారి చెడిపోయి 2022 మే నెలకు గాని మళ్ళీ తెరవలేదు. ఆ వైపు బంధుత్వాలు లేని తెలుగు ఇల్లు మా జిల్లాలో అరుదు. ఏదైనా పంపాలని అనిపించింది. బ్రెడ్డు మూడు రోజులకే బూజు పడుతుంది. అదే ముక్కలుగా కోసి రెండవసారి కాలిస్తే రస్కు అవుతుంది, వారాల తరబడి నిలుస్తుంది. ఆ బట్టీలోనే రస్కులు కాల్చి, డబ్బాలలో మూతపెట్టి, ఖాళీగా తిరిగిపోయే టమాటా లారీలో మదనపల్లె, రాయచోటిల మీదుగా పంపించాము. అవి ఎంతమందికి సరిపోతాయి! కాని పొయ్యి రాజుకోని ఇంట్లో నీళ్ళలో ముంచుకొని తినడానికి అంతకంటె అనువైనది లేదని అక్కడినుండి కబురు వచ్చింది.

2024 నవంబరు 30న ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటినప్పుడు వాన మళ్ళీ మా మీదికి వచ్చింది. ఈసారి కబురు ముందే విని, కోసిన పనలను ఎత్తుగట్లకు చేర్చి టార్పాలినులు కప్పినవారు కొందరున్నారు. కప్పలేనివారు మూటలతో బేకరీ ముందుకు వచ్చారు. వంతు ఎవరిదని ఎవరూ అడగలేదు. కూలి గింజల మూటలను ముందు వరుసలో పెట్టి, తక్కినవారు వెనుక నిలబడ్డారు.