రాయికి ఒక లెక్క, ప్రార్థనకు ఒక లెక్క

కోలార్ బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. నూట ఇరవై ఏళ్లలో ఆ నేల నుంచి దాదాపు 800 టన్నుల బంగారం పైకి వచ్చింది. దానికోసం మనుషులు మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగారు. గని ఆగిన నాడు జీతాలు ఆగాయి, వాటిని నమ్ముకున్న బేరాలు పడిపోయాయి. గుడిగంట మాత్రం ఆగలేదు. గని ఉన్నా లేకున్నా ఆదివారం వస్తుంది. పుట్టిన బిడ్డకు బాప్తిస్మం ఇవ్వాలి, పెళ్లి జరిపించాలి, పోయినవారిని ప్రార్థనతో సాగనంపాలి. వీటన్నిటికీ నీడ కావాలి, ఆ నీడ నిలవడానికి డబ్బు కావాలి. జీతాలు పోయిన ఊళ్లో ఆ డబ్బు ఎవరివ్వాలి? వెయ్యేళ్ల వయసున్న ఇంగ్లండ్ కథెడ్రళ్లు కూడా ఇవాళ ఇదే ప్రశ్నతో సతమతమవుతున్నాయి. ఈ చిక్కుకు మూలం రెండు వేరువేరు ఖర్చులను ఒకే ఖాతాలో రాసుకోవడమే అని నా అభిప్రాయం. పాత గోడనూ పైకప్పునూ నిలబెట్టే ఖర్చు ఒకటి, ఆ గోడల మధ్య ఆరాధన సాగించే ఖర్చు మరొకటి. మొదటిది ఊరందరిదీ. రెండోది విశ్వాసులది. ఈ రెంటినీ విడదీసి చూస్తేనే కేజీఎఫ్, అంటే ఈ కోలార్ గనుల పట్నం, గుడులకు దారి కనబడుతుంది.

ముందు ఆ ఊరు ఎలా ఏర్పడిందో చూడాలి. 1880లో లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ గనుల పని చేపట్టాక, ఎవరూ పెద్దగా లేని రాతినేల మీద ఒక పట్నం లేచింది. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. బెంగళూరు వీధులకంటే ముందే ఇక్కడ విద్యుద్దీపాలు వెలిగాయి. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన గని పనివాళ్లు తమ మెథడిస్టు కీర్తనలు తెచ్చుకున్నారు. ఇటలీవాళ్లు కతోలిక పూజను తెచ్చుకున్నారు. అధికారులకు ఆంగ్లికన్ ఆరాధన కావలసివచ్చింది. ఉత్తర ఆర్కాటు నుంచి తమిళులు, చిత్తూరు వైపు నుంచి తెలుగువాళ్లు కూలికి వచ్చి మైనింగ్ లైన్లలో కాపురం పెట్టారు. వారిలో క్రైస్తవులూ ఉన్నారు. ఆంగ్లో ఇండియన్లు సరేసరి. అందుకే ఇంత చిన్న పట్నంలో ఇన్ని గుడులు వెలిశాయి. ఛాంపియన్ రీఫ్స్‌లో అవర్ లేడీ ఆఫ్ విక్టరీస్ కతోలిక దేవాలయం, ఆంగ్లికన్ల సెయింట్ మైకేల్ అండ్ ఆల్ ఏంజెల్స్ చర్చి వాటిలో పేరున్నవి. ఈ ఊరిని 'చిన్న ఇంగ్లండ్' అని పిలవడానికి బంగళాలూ క్లబ్బులే కాదు, ఈ గుడులూ కారణమే. అయితే ఇవన్నీ కంపెనీ ఊరిలో, కంపెనీ జీతాల మీద పెరిగినవి. ఆదివారం కానుకల సంచిలో పడిన ప్రతి కాసూ ఎక్కడో ఒకచోట గని నుంచి వచ్చిందే.

గని పోయాక ఆ సంచి బరువు తగ్గడంలో ఆశ్చర్యం లేదు. ఇప్పుడు కేజీఎఫ్‌లో బతుకుతెరువు అంటే చాలా ఇళ్లలో తెల్లవారుజామునే మారికుప్పం లైను రైలెక్కి, బంగారుపేట మీదుగా బెంగళూరు వెళ్లి, చీకటిపడ్డాక ఇల్లు చేరడం. చదువుకున్న పిల్లలు అక్కడే కాపురం పెడుతున్నారు. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలావరకు ఇంగ్లండుకూ ఆస్ట్రేలియాకూ తరలిపోయాయి. ఆంగ్లికన్ గుడులు 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో, అంటే సీఎస్ఐలో కలిశాయి. నేడు వాటి బిషప్ పీఠం బెంగళూరు సెయింట్ మార్క్స్ కథెడ్రల్. కతోలిక విచారణలు, అంటే పారిష్‌లు, బెంగళూరు అగ్రపీఠం కింద ఉన్నాయి. పాస్టరునో ఫాదరునో పంపడానికి పైన ఒక వ్యవస్థ ఉంది. కానీ కారే కప్పుకూ పగిలిన అద్దానికీ చెదపట్టిన తలుపుకూ సంఘం తన కానుకల వైపే చూడాలి. వంద మంది ఇచ్చిన చోట నలభై మంది ఇస్తున్నప్పుడు గోడ పొడవు మాత్రం తగ్గదు. పాత గుడుల కష్టమంతా ఈ ఒక్క లెక్కలో ఉంది.

ఇంగ్లండ్ సంగతి చూస్తే ఈ లెక్క ఇంకా స్పష్టమవుతుంది. కథెడ్రల్ అంటే పెద్ద చర్చి అని మనలో చాలామంది అనుకుంటారు. అసలు అర్థం బిషప్ పీఠం ఉన్న గుడి. ఇంగ్లండ్ సంఘానికి ఆ దేశంలో 42 ఆంగ్లికన్ కథెడ్రళ్లు ఉన్నాయి. వాటిలో రోజూ ప్రార్థన జరుగుతుంది. చాలాచోట్ల సాయంకాల ఆరాధనను చిన్నపిల్లలూ పెద్దలూ కలిసిన గాయక బృందం పాడుతుంది. ఆ పాటను, రాళ్లు చెక్కే పనివాళ్లను, ఆర్గన్‌ను, రంగుటద్దాలను తరతరాలుగా నిలబెట్టుకోవడం మామూలు ఖర్చు కాదు. రాజే ఆ సంఘానికి పెద్ద కదా, ప్రభుత్వమే భరిస్తుందిలే అనుకుంటే పొరపాటు. రోజువారీ నిర్వహణకు ఖజానా నుంచి డబ్బు రాదు. కానుకలు, పాత ఆస్తుల మీద రాబడి, దుకాణం, అద్దెలు, కొన్నిచోట్ల ప్రవేశ రుసుము, వీటితోనే నెట్టుకురావాలి. లండన్ సెయింట్ పాల్స్ చూడవచ్చినవారి దగ్గర టికెట్ తీసుకుంటుంది. డర్హమ్ టికెట్ పెట్టకుండా విరాళం అడుగుతుంది. 2016లో పీటర్‌బరో కథెడ్రల్ చేతిలో డబ్బు ఆడక తీవ్ర సంక్షోభంలో పడింది, దాని పెద్ద రాజీనామా చేయాల్సి వచ్చింది. ఆ దెబ్బతోనే కథెడ్రళ్ల పాలన మీద విచారణ మొదలై, 2021లో కొత్త చట్టం వచ్చి, అవి ధర్మసంస్థల నియంత్రణ కమిషన్ పర్యవేక్షణలోకి వచ్చాయి.

పీటర్‌బరో ఇచ్చే పాఠం పద్దులు సరిగ్గా రాసుకోమని మాత్రమే కాదు. రాతిని చూడటానికి వచ్చే లక్షలమంది ఆరాధనకు వచ్చేవారు కారు. ఆరాధనకు వచ్చే కొద్దిమంది అంత రాతిని మోయలేరు. ఈ సంగతి అక్కడి ప్రభుత్వానికీ తెలిసింది. మొదటి ప్రపంచయుద్ధ శతాబ్ది సందర్భంగా 2014లో ఒక నిధి పెట్టి, మొత్తం 4 కోట్ల పౌండ్లను ఆంగ్లికన్, కతోలిక కథెడ్రళ్ల మరమ్మతులకు ఇచ్చింది. అది కప్పుకు, గోడకు, మురుగు కాలువకు ఇచ్చిన డబ్బు. ప్రసంగానికీ పాటకూ ఇచ్చింది కాదు. ఫ్రాన్సులో ఈ విభజన ఇంకా తేటగా ఉంది. మతాన్నీ రాజ్యాన్నీ విడదీసిన 1905 చట్టం తర్వాత అంతకుముందున్న కథెడ్రళ్లు ప్రభుత్వ ఆస్తిగానే నిలిచాయి, వాటిలో ఆరాధన హక్కు కతోలికులకు ఉంది. 2019లో తగలబడిన నోట్రడామ్ 2024 డిసెంబరులో తిరిగి తెరుచుకుంది. లౌకికత్వం విషయంలో అంత పట్టుదల ఉన్న దేశమే రాతిని తన బాధ్యతగా చూసుకుంటోంది.

మరి ఆరాధన ఖర్చు ఎవరిది? దీనికి జవాబు తెలుగు నేల మీదే ఉంది. 1912లో భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య దోర్నకల్ పీఠంలో కూర్చున్నప్పుడు, ఆయన సంఘంలో ఎక్కువమంది కడుపేద దళితులు. విదేశీ మిషను డబ్బు మీద బతికే సంఘం తన కాళ్ల మీద నిలబడదని ఆయన గట్టిగా నమ్మారు. క్రైస్తవుడు ఇవ్వడం గురించి ఒక పుస్తకమే రాశారు. వండే ముందు గుప్పెడు బియ్యం పక్కన తీసిపెట్టే అలవాటు, పంటల పండుగలో ధాన్యం, కోడి, గుమ్మడికాయ తెచ్చి గుడిలో పెట్టి వేలం వేసే ఆచారం తెలుగు సంఘాల్లో ఇప్పటికీ కనబడేవే. గుప్పెడు బియ్యం విలువ తక్కువ కావచ్చు, కానీ అది ఏ ఇంటి నుంచి వచ్చిందో ఆ ఇల్లు గుడిని తనదనుకుంటుంది. కంపెనీ ఇచ్చే డబ్బుకు ఆ గుణం లేదు. దాత వెళ్లిపోతే దానం కూడా వెళ్లిపోతుంది. కేజీఎఫ్ సంఘాలు ఇవాళ ఈ మార్పు మధ్యలో ఉన్నాయి. గని జీతం మీద నిలిచిన గుడి, రైలెక్కి పనికెళ్లే మనిషి గుప్పెడు మీద నిలవడం నేర్చుకోవాలి. బెంగళూరులో స్థిరపడ్డ పిల్లలూ విదేశాల్లో ఉన్న పాత కుటుంబాలూ తాము బాప్తిస్మం పొందిన గుడికి ఏటా కొంత పంపడం ఈ గుప్పెడుకు కొత్త రూపం.

ఇక అభ్యంతరాలు. ప్రభుత్వ సొమ్ము చర్చి గోడకు పెడితే లౌకిక రాజ్యాంగానికి విరుద్ధం కాదా అని అడగవచ్చు. ఏదో ఒక మతాన్ని పోషించడానికే కేటాయించిన పన్నును ఎవరి చేతా కట్టించరాదని 27వ అధికరణం చెబుతుంది. పాత కట్టడాన్ని కాపాడటం దాని కిందికి రాదు. కోలార్ పట్నంలోనే విజయనగర కాలపు సోమేశ్వరాలయాన్ని పురావస్తు శాఖ సంరక్షిస్తోంది, పాత గోవాలో కథెడ్రల్‌ను కూడా అదే శాఖ చూస్తోంది. రాజేంద్రచోళుడి శాసనాలున్న కోలారమ్మ గుడి శైవశాక్తేయులకు ఎంత ముఖ్యమో, చరిత్ర చదివేవారికీ అంతే ముఖ్యం. ఆ న్యాయమే గని కాలపు కట్టడాలకూ వర్తించాలి. పైగా ఇక్కడ మరో బాకీ ఉంది. 1956లో గనులు మైసూరు ప్రభుత్వపరం అయ్యాయి, 1962లో కేంద్రానికి చేరాయి, 1972 నుంచి భారత్ గోల్డ్ మైన్స్ పేరుతో నడిచాయి. దశాబ్దాలపాటు ఆ నేల బంగారాన్ని అందుకున్న ప్రభుత్వమే ఆ నేల మీది జ్ఞాపకాన్ని కాపాడమంటే అది దయ అడగడం కాదు.

ఇవి తెల్లదొరల గుడులు, పోతే పోనీ అనేవారూ ఉన్నారు. దొరల బెంచీలు ముందుండి, కూలీల గుడి వేరుగా ఉండిన కాలం నిజమే. ఆ అవమానాన్ని దాచనక్కర్లేదు. కానీ దొరలు వెళ్లిపోయి డెబ్బై ఏళ్లు దాటుతోంది. ఆ గుడుల్లో ఇప్పుడు మోకరించేది గనిలో దిగినవారి మనవలు, మనవరాళ్లు. రాతి పేలుళ్లలో, ఊపిరితిత్తులకు పట్టిన రాతిదుమ్ముతో పోయిన తాతల కష్టం మీదే ఆ కంపెనీ బతికింది. గుడిని కూల్చనిస్తే ఆ అన్యాయం చెరగదు, దాన్ని గుర్తుచేసే సాక్ష్యం మాత్రం పోతుంది.

పని లేని మనుషులుండగా గోడలకు డబ్బెందుకు అన్నది అన్నిటికంటే బరువైన ప్రశ్న. దీనికి తెలంగాణలోని మెదక్ కథెడ్రల్ జవాబు చెప్పింది. మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ 1914లో దాని పని మొదలుపెట్టాక, కరువు కాలంలో ఊరివాళ్లకు కూలీ, కూడూ దొరికేలా ఆ నిర్మాణాన్ని నడిపించారు. 1924 డిసెంబరు 25న ఆ కథెడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. ఇవాళ మతంతో పనిలేకుండా జనం దాన్ని చూడవస్తున్నారు, దాని చుట్టూ చిన్న వ్యాపారాలు బతుకుతున్నాయి. గుడికీ కరువు సాయానికీ ఉన్న ఈ సంబంధం కోలార్ జిల్లాకు కొత్త కాదు. 1876–78 నాటి కరువులో అనాథలైన పిల్లలను చేరదీసిన మిస్ ఆన్‌స్టీ మిషన్ 1890లో అమెరికన్ మెథడిస్టుల చేతికి వచ్చింది. వాళ్లే 1910లో కోలార్‌లో ఎలెన్ థోబర్న్ కోవెన్ స్మారక ఆసుపత్రి పెట్టారు. గుడి, బడి, ఆసుపత్రి ఇక్కడ ఒకే ప్రాంగణంలా పెరిగాయి. పాత కట్టడం మరమ్మతు అంటే సున్నం కలిపేవాడికీ వడ్రంగికీ పని, నిరుద్యోగ యువకుడికి నేర్చుకోదగిన విద్య. ఆ పని ఊరివాళ్లకే ఇవ్వాలన్న షరతు పెడితే గోడకు పెట్టిన డబ్బు మనిషికే చేరుతుంది.

ప్రభుత్వ డబ్బు వెంట ప్రభుత్వ పెత్తనం వస్తుందన్న భయం కూడా తప్పు కాదు. అందుకే లెక్కలు రెండుగా ఉండాలంటున్నాను. కప్పుకు వచ్చిన సాయానికి ఊరికి లెక్క చెప్పాలి, గుడి తలుపు చూడవచ్చిన ఎవరికైనా తెరవాలి. కీర్తన ఏ భాషలో పాడాలో, ప్రసంగం ఏం చెప్పాలో, పాస్టరు భృతి ఎంతో సంఘమే తేల్చుకోవాలి, ఆ ఖర్చు సంఘమే మోయాలి. ఆ రెండో బరువును ఎవరి నెత్తినో పెట్టిన రోజున గోడలు నిలిచినా లోపల ప్రార్థన చల్లారిపోతుంది. కోలార్ గనులు నూట ఇరవై ఏళ్లకు మూతపడ్డాయి. వండే ముందు పక్కన తీసిపెట్టే గుప్పెడు బియ్యానికి అలాంటి గడువు లేదు, ఆ ఇంట్లో పొయ్యి వెలిగినంతకాలం అది మళ్లీ వస్తుంది.