శనగ వేళ్లకు వేడి సెగ

పచ్చగా కళకళలాడుతున్న శనగ చేలో, కాయ పట్టే వేళకు, అక్కడొకటి ఇక్కడొకటిగా మొక్కలు గడ్డిరంగుకు తిరిగి ఎండిపోతుంటాయి. పీకి చూస్తే తల్లివేరు నల్లబడి, పెళుసెక్కి, సగానికి విరిగి చేతికి వస్తుంది. పిల్లవేళ్లు దాదాపు కనిపించవు. ఆకుపై మచ్చ గాని, పురుగు జాడ గాని ఉండదు. నీటి ఎద్దడి వల్లనే ఇలా జరిగిందని రైతు అనుకోవడం సహజం. శాస్త్రజ్ఞులు దీనిని ఎండు వేరుకుళ్లు తెగులు అంటారు. అయితే రైతు అనుమానంలోనూ కొంత నిజం లేకపోలేదు. ఈ తెగులుకు తలుపు తీస్తున్నది నీటి ఎద్దడే.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధకులు 2021లో వెల్లడించిన ఫలితాల ప్రకారం 30 నుంచి 35 డిగ్రీల వేడిమి, 60 శాతానికి తగ్గిన నేల తేమ తోడైనప్పుడు ఈ తెగులు విజృంభిస్తున్నది. మధ్య, దక్షిణ భారత రాష్ట్రాలలో తెగులు సోకిన మొక్కలు 5 నుంచి 35 శాతం వరకు ఉన్నట్లు వారు పేర్కొన్నారు. ప్రపంచ శనగ ఉత్పత్తిలో మూడింట రెండు వంతులకు పైగా మన దేశానిదే కావడం వల్ల ఇది ఒక పంటకు, ఒక ప్రాంతానికి పరిమితమైన సమస్య కాదు.

తెగులుకు మూలం మాక్రోఫోమినా అనే శిలీంధ్రం. కంటికి ఆననంత సన్నని నల్లని కణికల రూపంలో అది ఏళ్ల తరబడి మట్టిలో పడి ఉంటుంది. నేల వేడెక్కి తేమ ఆరిన తరుణంలో కణికలు మొలకెత్తి, నీటి కొరతతో నీరసించిన వేళ్లలోకి చొరబడతాయి. 500కు పైగా మొక్కజాతులు దీనికి ఆశ్రయమిస్తాయి. జొన్న కాండాన్ని లోలోపలే బొగ్గులా మార్చే తెగులుకు కూడా కారణం ఇదే గనుక, జొన్నతో పంట మార్పిడి చేసినంత మాత్రాన పీడ విరగడ కాదు.

హరిత విప్లవం తర్వాత పంజాబ్, హర్యానా పొలాలను సాగునీటి గోధుమ ఆక్రమించగా, చలి ప్రాంతాల పంట అయిన శనగ క్రమంగా మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌లకు తరలి వచ్చింది. ప్రకాశం, కర్నూలు, అనంతపురం నల్లరేగళ్లలో వానలు వెనుదిరిగాక మిగిలిన తేమ మీదనే ఇది పండాలి. సరిగ్గా గింజ కట్టే దశకు ఆ తేమ అడుగంటుతుంది, ఎండ ముదురుతుంది. 1999లో విడుదలై ఆంధ్ర రైతుల ఆదరణ పొందిన జేజీ 11 రకం ఫ్యుజేరియం ఎండు తెగులును తట్టుకొని నిలిచింది. వేరుకుళ్లు విషయంలో అంతటి నిరోధక శక్తి ప్రజననకారులకు ఇంకా చిక్కలేదు.

వేడెక్కుతున్న నేలలలో రోగకారక శిలీంధ్రాల వాటా పెరుగుతుందని ఆరు ఖండాల మట్టి నమూనాలను పరిశీలించి 2020లో వెలువరించిన అధ్యయనం కూడా సూచించింది.

విత్తనశుద్ధి మందులు లేతమొక్కను కాపాడగలవే గాని, కాయ దశ వరకు వాటి ప్రభావం నిలవదు. ట్రైకోడెర్మా కలిపిన పశువుల ఎరువు, వేసవి లోతు దుక్కి కొంత మేలు చేస్తాయి. వీలున్నచోట పూత దశలో ఒక తడి ఇవ్వడం అన్నిటికన్నా మేలు, కాని వర్షాధారపు రైతుకు ఆ నీరెక్కడిది? ఎండలకు ముందే పంట చేతికి రావాలని తొందరపడి బాగా తడిగా, వెచ్చగా ఉన్న నేలలో విత్తితే మొలక దశలోనే మొదలుకుళ్లు కాటువేస్తుంది.