రాత్రి రెండింటికి తోడొచ్చేవాడు

ఈ సంచికకు ఏదైనా సైన్స్ విషయం మీద తెలుగులో వ్యాసం రాయమని క్లబ్ సీనియర్లు అడిగారు. సరేనని ఒప్పుకున్నాను. వారం రోజులు ఏఐ, బ్లాక్‌చైన్ అని తిప్పలు పడ్డాక, నాకు నిజంగా బాగా తెలిసిన సబ్జెక్ట్ ఒకటే ఉందని అర్థమైంది. అది పెద్దపేగు. దాంతో పాటు మా కుక్క. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం కాబట్టి నా తెలుగులో తప్పులుంటే సర్దుకోండి. ఇందులో టాయిలెట్ మాటలు చాలా వస్తాయి. వాటికి మాత్రం సారీ చెప్పను.

మాది రాయదుర్గం, కర్ణాటక బోర్డర్. బళ్లారి మాకు సుమారు 50 కిలోమీటర్లు. మా సొంత జిల్లా కేంద్రం అనంతపురం అంతకంటే చాలా దూరం, కల్యాణదుర్గం మీదుగా బస్సులో పోవాలి. ఊళ్లో ఎక్కడ చూసినా జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లే. మా అమ్మ కూడా ఒక యూనిట్‌లో కుట్టుపని చేస్తుంది. నాయనకు కొంచెం సెనక్కాయ చేను ఉంది, వాన పడితే పంట, లేకపోతే లేదు. మా జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలోనే బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో మాది ఒకటి.

ఈ లెక్క ఎందుకంటే, రోజుకు పన్నెండు సార్లు టాయిలెట్‌కు పోయే మనిషి ఇంట్లో ఉంటే ఎన్ని బకెట్ల నీళ్లు కావాలో మీరే వేసుకోండి. మా వీధిలో కొళాయి రోజూ రాదు, డ్రమ్ముల్లో పట్టి పెట్టుకుంటాం. నాకు జబ్బు మొదలైనాక ఆ డ్రమ్ముల వైపు చూడాలంటేనే సిగ్గుగా ఉండేది.

అసలు ఏమైంది?

ఇంటర్ సెకండియర్‌లో మొదలైంది. మొదట విరేచనాలు, తర్వాత వాటిలో జిగురు, తర్వాత రక్తం. "వేడి చేసిందిలే" అన్నారు ఇంట్లో. మా అవ్వ సబ్జా గింజలు, బార్లీ నీళ్లు, మజ్జిగ అన్నీ తాగించింది. ఒక డాక్టర్ మొలలు అని పూత మందు ఇచ్చారు. నేనూ పూర్తిగా చెప్పలేదు లెండి. రక్తం ఎన్నిసార్లు పడుతోంది అని అడిగితే "అప్పుడప్పుడు" అన్నాను. రోజూ పడేది. అట్ల ఏడు నెలలు గడిచిపోయాయి. 61 కిలోలు ఉన్నవాణ్ని 47కు వచ్చాను. ఎంట్రన్స్ పరీక్ష ముందు రోజు మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు, హాల్లో మూడు గంటలు కూర్చోవాలి కదా అని.

చివరికి బళ్లారిలో కొలనోస్కోపీ చేశారు. చివర కెమెరా ఉన్న సన్నని గొట్టాన్ని మలద్వారం నుంచి పంపి పెద్దపేగు లోపల చూస్తారు, చిన్న ముక్క తీసి ల్యాబ్‌కు పంపుతారు. మన దేశంలో పేగులకు టీబీ కూడా వస్తుంది, చూడటానికి కొంచెం ఇట్లాగే ఉంటుంది. అది కాదని తేల్చుకున్నాక పేరు చెప్పారు: అల్సరేటివ్ కొలైటిస్. దీనికి క్రోన్స్ అనే ఒక అన్న ఉన్నాడు. ఆ పేరు వినగానే నాకు లినక్స్‌లో క్రాన్ జాబ్ గుర్తొచ్చి నవ్వాను. మా నాయన నా వైపు వింతగా చూశాడు.

లోపల ఏం జరుగుతుంది?

ముందు ఒక కన్‌ఫ్యూజన్ తీసేద్దాం. ఐబీఎస్ వేరు, ఐబీడీ వేరు. ఐబీఎస్‌లో నొప్పి, విరేచనాలు, మలబద్ధకం ఉంటాయి. నొప్పి నిజమే, కానీ పేగు గోడకు పుండ్లు పడవు, రక్తం పడదు. ఐబీడీలో పేగు గోడ నిజంగానే వాచి పుండు పడుతుంది. అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ రెండూ ఐబీడీలే. మొదటిది పురీషనాళం దగ్గర మొదలై పెద్దపేగు లోపలి పొరకే పరిమితం. రెండోది నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, గోడ లోతుకు కూడా పోతుంది. అల్సరేటివ్ కొలైటిస్ అనే మాటను 1859లో లండన్ డాక్టర్ శామ్యూల్ విల్క్స్ వాడారు. క్రోన్స్ గురించి న్యూయార్క్‌లో బరిల్ క్రోన్, ఇద్దరు సహచరులు 1932లో రాశారు.

కారణం ఏమిటంటే, మన రోగనిరోధక వ్యవస్థ పేగులో మామూలుగా ఉండే బ్యాక్టీరియా మీద అతిగా స్పందించి, ఆ గొడవలో సొంత పేగునే దెబ్బతీస్తుంది. మన భాషలో చెప్పాలంటే యాంటీవైరస్ సాఫ్ట్‌వేర్ సొంత సిస్టమ్ ఫైళ్లను వైరస్ అనుకుని డిలీట్ చేస్తున్నట్టు. జీన్స్ పాత్ర కొంత ఉంది (ప్యాంట్లు కాదు, జన్యువులు). అవ్వ చేసిన ఊరుబిండి వల్ల ఇది రాలేదు. జబ్బు ముదిరినప్పుడు కారం తింటే బాధ ఎక్కువ కావచ్చు గానీ, జబ్బు తెచ్చింది కారం కాదు. ఇది అంటుకోదు కూడా.

పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. అదుపులో పెట్టే మందులు ఉన్నాయి. మెసలమైన్ అనే మాత్ర పేగు లోపలి పొర మీదే పని చేసి వాపు తగ్గిస్తుంది. బాగా ఎక్కువైతే కొన్నాళ్లు స్టెరాయిడ్లు, అవసరాన్ని బట్టి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు ఇస్తారు. బాగున్నప్పుడు కూడా మాత్ర ఆపకూడదు. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, నా కథంతా దీని మీదే ఉంది.

బుడ్డోడు

రిపోర్టు వచ్చిన నెలలోనే అమ్మ యూనిట్ వెనక, కత్తిరించి పారేసిన జీన్స్ గుడ్డముక్కల కుప్పలో ఒక కుక్కపిల్ల దొరికింది. సెనక్కాయ పొట్టు రంగు, మామూలు ఊరకుక్క. అమ్మ సంచిలో వేసుకుని వచ్చింది. "కుక్క గడప దాటితే నేను అన్నం ముట్టను" అని అవ్వ కూర్చుంది. రెండు వారాలు పోయినాక ఆమే బుడ్డోడా, బుడ్డోడా అని పిలుస్తూ సంగటి ముద్ద పెడుతోంది. అడిగితే "ధర్మరాజు స్వర్గానికే కుక్కను తీసుకుపోతానన్న్యాడు, మన వరండాలోకి వస్తే ఏమి పోయె" అంది. ఆ కథ మహాప్రస్థానిక పర్వంలోది, మన తెలుగులో అది తిక్కన రాసిన భాగంలోకి వస్తుందని నాకు ఈ క్లబ్‌లో చేరాకే తెలిసింది.

మా టాయిలెట్ పెరట్లో విడిగా ఉంటుంది. రాత్రి రెండింటికి లేచి, బకెట్ నింపుకుని, చీకట్లో పోవాలి. మొదట్లో అమ్మ లేచి వచ్చేది. పొద్దున ఎనిమిదికల్లా మిషన్ ముందు కూర్చోవాల్సిన మనిషి. ఆమెను లేపకూడదని చెప్పులు చేత్తో పట్టుకుని పోయేవాణ్ని. బుడ్డోడికి నాలుగు నెలలు వచ్చేసరికి వాడు లేవడం మొదలుపెట్టాడు. తలుపు బయట కూర్చుంటాడు. నేను ఇరవై నిమిషాలు ఉన్నా కదలడు. కింద సందులో నుంచి వాడి ముందుకాళ్లు రెండూ కనపడతాయి. నేను బయటికి రాగానే ఒళ్లు విరుచుకుని ముందు నడుస్తాడు. అంతే, వాడు చేసింది ఇంకేమీ లేదు. కానీ ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "ఇంకా తగ్గలేదా?" అని అడిగే రోజుల్లో ఆ రెండు కాళ్లు నాకు చాలా ధైర్యం.

ఇది నా భ్రమా, సైన్సా?

పేగు గోడలో పది కోట్లకు పైగా నాడీకణాలు ఉన్నాయి. అందుకే దాన్ని రెండో మెదడు అంటారు. తలలోని మెదడుకు, దీనికి మధ్య వేగస్ అనే నరం పెద్ద డేటా కేబుల్‌లాంటిది, సిగ్నల్స్ రెండు వైపులా పోతాయి. 1822లో అమెరికాలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే మనిషికి తుపాకీ దెబ్బ తగిలి పొట్టకు రంధ్రం పడింది, అది పూర్తిగా మూసుకోలేదు. విలియం బ్యూమాంట్ అనే డాక్టర్ అందులో నుంచి చూస్తూ ఏళ్ల తరబడి జీర్ణక్రియను గమనించి 1833లో పుస్తకం వేశారు. కోపం వస్తే జీర్ణక్రియ దెబ్బతింటుందని ఆయన అప్పుడే రాశారు. టెన్షన్ వల్ల కొలైటిస్ పుట్టదు. కానీ ఉన్న జబ్బు తిరగబెట్టడానికి టెన్షన్ తోడ్పడవచ్చు.

ఇక కుక్క సంగతి. 2015లో జపాన్ పరిశోధకులు సైన్స్ పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించారు. కుక్క, యజమాని ఒకరినొకరు ఎక్కువసేపు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరిగింది. తల్లీబిడ్డల అనుబంధంలో పని చేసే హార్మోన్ ఇది. మనుషులు పెంచిన తోడేళ్లతో అట్ల జరగలేదు. 2019లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో 249 మంది స్టూడెంట్స్‌తో ఇంకొక ప్రయోగం చేశారు. పది నిమిషాలు కుక్కల్ని, పిల్లుల్ని నిమిరినవాళ్లలో కార్టిసాల్ అనే స్ట్రెస్ హార్మోన్ తగ్గింది. ఫొటోలు చూసినవాళ్లలో అంత తగ్గలేదు.

ఇక్కడ జాగ్రత్తగా చదవండి. ఈ రెండు ప్రయోగాలూ పేగు పేషెంట్ల మీద చేసినవి కావు. కుక్కను నిమిరితే పుండు మానుతుందని వాటిలో ఎక్కడా లేదు. నేను స్టెరాయిడ్ కోర్సులో ఉండి కోలుకుంటున్నప్పుడే బుడ్డోడికి పిడుదుల వల్ల జ్వరం వచ్చి మూడు రోజులు లేవలేదు. "నీ గండం వాడు తీసుకున్న్యాడు" అని అవ్వ ఏడ్చింది. నాకూ ఒక్క క్షణం అట్లే అనిపించింది. కానీ రెండు సంఘటనలు ఒకేసారి జరిగితే ఒకదానివల్ల ఇంకొకటి జరిగినట్టు కాదని మనకు స్టాటిస్టిక్స్‌లో చెప్తారు కదా. నన్ను మందు తగ్గించింది. వాణ్ని పశువుల డాక్టరు ఇంజెక్షన్లు తగ్గించాయి.

నేను చేసిన తప్పు

ఇంట్లో ఉన్నప్పుడు నా మాత్రల డబ్బా బుడ్డోడి గిన్నె పక్కనే గూట్లో ఉండేది. రాత్రి ఎనిమిదికి వాడికి అన్నం పెట్టడం, నేను మాత్ర వేసుకోవడం. నేను మర్చిపోయినా వాడు మర్చిపోడు, గిన్నె తన్నేవాడు. ఏడాది పాటు ఒక్క రోజు తప్పలేదు.

ఫస్టియర్‌లో హాస్టల్‌కు వచ్చాను. గిన్నె తన్నేవాడు లేడు. పైగా ఒంట్లో బాగుంది. రూమ్మేట్స్ ముందు రోజూ మాత్రలు మింగడం ఇష్టం లేక ఒక రోజు మానేశాను, ఏమీ కాలేదు. తర్వాత వారం మానేశాను, ఏమీ కాలేదు. నాకు నయమైపోయిందేమో అనుకున్నాను. మూడో నెలలో రక్తం మొదలైంది. అమ్మ ఫోన్ చేస్తే "బాగున్న్యానుమా" అన్నాను. సెమిస్టర్ పరీక్షల్లో రెండోది రాస్తూ మధ్యలో లేచి వచ్చేశాను. ఆ సబ్జెక్ట్, తర్వాతి రెండు పోయాయి.

ఇంటికి పోతే బట్టలు ఉతకడానికి బ్యాగ్ దులిపిన అవ్వకు మాత్రల షీట్లు నిండుగా దొరికాయి. "ఏమిరా, అన్నీ అట్లే ఉండాయి?" అంది. ఇంకేమీ అనలేదు. అమ్మ ఆ రోజు పనికి పోలేదు. పనికి పోకపోతే కూలి లేదు, ఆ సంగతి నాకు తెలుసు.

తర్వాత చదివితే తెలిసింది, ఈ తప్పు చేసేది నేనొక్కణ్నే కాదు. 2003లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, జబ్బు అదుపులో ఉందని మెసలమైన్ సరిగ్గా వాడనివాళ్లకు అది తిరగబెట్టే రిస్క్, వాడినవాళ్లతో పోలిస్తే ఐదు రెట్లకు పైగా ఉంది. బాగున్నది మాత్ర వల్లే అని మర్చిపోవడమే ఈ జబ్బులో పెద్ద బగ్.

కుక్కను పెంచాలనుకునే పేగు పేషెంట్లకు

మన రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతుంటే ఇవి తప్పవు. ముందు మీ డాక్టర్‌కు ఇంట్లో జంతువు ఉందని చెప్పండి. కుక్కకు రేబిస్ టీకా ఏటా వేయించండి, నులిపురుగుల మందు పశువుల డాక్టర్ చెప్పిన ప్రకారం ఇప్పించండి. ముట్టుకున్నాక, ముఖ్యంగా తినే ముందు, సబ్బుతో చేతులు కడుక్కోండి. ముఖం నాకనివ్వకండి. వాటి మలం వేరేవాళ్లు తీస్తే మంచిది. పిల్లి ఉన్నా ఇదే రూల్. కుక్క కరిచినా, గోరు గీసి రక్తం వచ్చినా ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి పోండి. పెంపుడు కుక్కే కదా అని వదిలేయకండి. ఇంకా, జబ్బు బాగా ముదిరిన రోజుల్లో దాన్ని ఎవరు చూసుకుంటారో ముందే అనుకోండి. మా ఇంట్లో అవ్వ ఉంది కాబట్టి సరిపోయింది.

మీకు పేగు జబ్బు లేకపోయినా ఒక మాట. నెల రోజులకు పైగా విరేచనాలు, రక్తం, బరువు తగ్గడం ఉంటే వేడి అనుకోవద్దు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీన్ ఎంత ఉందో చూసే టెస్ట్ ఉంది, పేగులో వాపు ఉందా లేదా దానితో చాలావరకు తెలుస్తుంది. డాక్టర్ అడిగితే నాలాగా "అప్పుడప్పుడు" అనకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నేను ఆ ఒక్క మాట సరిగ్గా చెప్పి ఉంటే ఏడు నెలలు పట్టేది కాదేమో. అలాగే, క్లాస్ మధ్యలో ఎవరైనా మూడోసారి లేచి బయటికి పోతుంటే వెనక నుంచి కామెంట్ చేయకండి.

ఇప్పుడు సెకండియర్. పోయిన మూడింట్లో రెండు సబ్జెక్టులు క్లియర్ అయ్యాయి, ఒకటి ఉంది. రాత్రి ఎనిమిదికి అమ్మ వీడియో కాల్ చేస్తుంది. ఫోన్‌ను గూట్లో నిలబెట్టి బుడ్డోడికి అన్నం పెడుతుంది. వాడికి ఫోన్‌లో మనిషి కనపడడు అనుకుంటాను, నా గొంతు విని గూటి వెనక వెతుకుతాడు. తర్వాత తిండి మీద పడతాడు. వెనక నుంచి అవ్వ "వాడు తింటాండాడు, నీది యాడ?" అంటుంది. నేను మాత్రను కెమెరాకు చూపించి వేసుకుంటాను. రూమ్మేట్స్‌కు అలవాటైపోయింది. నేను ల్యాబ్‌లో లేటైతే వాళ్లే ఫోన్ చేసి అడుగుతున్నారు, బుడ్డోడు తిన్నాడా అని.