అంగడి అడగని ప్రశ్న

డిసెంబరు రెండో వారం దాటిందంటే ఆళ్లగడ్డ నుంచి నంద్యాల వెళ్లే పల్లెవెలుగు బస్సుల్లో క్రిస్మస్ రద్దీ మొదలవుతుంది. చుట్టుపక్కల ఊళ్ల మాలగేరి, మాదిగగేరిల నుంచి దంపతులు చలిలోనే బయలుదేరతారు. పిల్లలకు కొత్త గుడ్డలు, ఇంటికి రంగులు, ముంగిట్లో వేలాడదీసే కాగితపు నక్షత్రం కొనుక్కొని చీకటి పడేవేళకు ఇల్లు చేరతారు. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక భార్యకు చార్జీ లేదు, భర్త ఒక్కడే టికెట్టు తీసుకుంటాడు.

ఆళ్లగడ్డలో గుడ్డల అంగళ్లు లేవా? ఉన్నాయి. దాదాపు 40 కిలోమీటర్లు ప్రయాణించి నంద్యాల వెళ్లడానికి ధర ఒక కారణం, ఎంపిక మరో కారణం. వీటితో పాటు పైకి చెప్పుకోని మూడో కారణం కూడా ఉంది. నంద్యాల అంగట్లో వారిని ఎవరూ ఎరగరు. ఊళ్లో వారి తాత పేరు, గేరి పేరు, ఎవరి పొలంలో కూలికి పోతారన్నదీ అందరికీ తెలుసు. పట్నం దుకాణదారుకు వారి చేతిలోని డబ్బు మాత్రమే తెలుసు. పది చీరలు విప్పించి చూసి, నచ్చలేదని లేచి వచ్చేయగలగడం అగ్రవర్ణాల వారికి గమనించదగ్గ విషయమే కాదు. తరతరాలుగా వాకిలి బయట నిలబడి సరుకు అందుకున్న వారికి మాత్రం అది పౌరసత్వం.

ఈ స్వేచ్ఛ మార్కెట్టు దయతో వచ్చింది కాదు. 1948 నవంబరు 29న రాజ్యాంగ సభ ఒకే రోజున రెండు అధికరణాలను ఆమోదించింది. అవే నేటి 15, 17 అధికరణాలు. అంగళ్లలోకి ప్రవేశాన్ని కులం పేరుతో అడ్డుకోరాదని మొదటిది చెబుతుంది. అస్పృశ్యతను రెండోది రద్దు చేస్తుంది. ఆనాటి చర్చలో అంబేడ్కర్ ‘అంగడి’ అన్న మాటకు విశాలార్థం చెప్పారు. గడప దాటనిస్తే సరిపోదు, అక్కడ అందరికీ ఇచ్చే సేవ అంటరానివారికీ అందాలన్నది ఆయన వివరణ సారాంశం. అంతకు కొద్ది వారాల ముందే, నవంబరు 4న, పల్లెను ఆదర్శంగా కొలిచే వారిని ఆయన అదే సభలో తీవ్రంగా విమర్శించారు. ఆ రెండు మాటలకూ సంబంధం ఉంది.

అయితే పట్నం ఇచ్చే అజ్ఞాతం బిల్లు చెల్లించేంత వరకే. అదే దంపతులు పిల్లల చదువు కోసం నంద్యాలలో అద్దె ఇల్లు వెదికితే ‘మీరేమిటోళ్లు?’ అన్న ప్రశ్న ఎదురవుతుంది. కొనేవారిగా దొరికిన ప్రవేశం ఇరుగుపొరుగుగా దొరకదు.

అంతకంటే పెద్ద చిక్కు రాజ్యంతో ఉంది. అంగడి వారి కులం అడగలేదు, చట్టం వారి మతం అడుగుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులను మాత్రమే షెడ్యూల్డు కులాలుగా గుర్తించింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ గుర్తింపు దక్కింది. క్రైస్తవులకు, ముస్లింలకు దక్కలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవం స్వీకరించిన దళితులు బీసీ-సి వర్గంలో ఒక శాతం రిజర్వేషనుకే పరిమితం. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పాస్టరుగా ఉన్న ఒక ఫిర్యాదుదారు అట్రాసిటీ చట్టం రక్షణ కోరజాలడని తీర్పు చెప్పింది. ఇంటి ముందు వేలాడే నక్షత్రం ఒక్కో కుటుంబానికి పండుగా, భయమూ కావడానికి కారణం ఇదే.

క్రైస్తవంలో కులం లేదు కదా అన్నది దీనికి వినిపించే వాదన. బైబిలులో లేకపోవచ్చు, ఊళ్లో ఉంది. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన గేరి ఊరి మధ్యకు జరగలేదు. దాడి చేసేవాడు కుల ధ్రువపత్రం అడిగి కొట్టడు. మతంతో నిమిత్తం లేకుండా షెడ్యూల్డు కుల హోదా ఇవ్వాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫారసు చేసింది. 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ నేతృత్వంలో మరో కమిషన్ వేసింది.

ఉన్న రిజర్వేషన్లలో తమ వాటా తగ్గుతుందన్న హిందూ దళితుల ఆందోళన కొట్టిపారేయదగ్గది కాదు. దానికి కోటాను పెంచడమో, విడిగా కేటాయించడమో పరిష్కారం కావచ్చు. ఆ చర్చ సాగాలి. కానీ దౌర్జన్యం నుంచి రక్షణ సీట్ల వంటిది కాదు. ఒకరికి ఇస్తే మరొకరికి తరిగేది అందులో ఏమీ లేదు. కాబట్టి రిజర్వేషన్ల చిక్కుముడి విడిపోయేదాకా ఆగకుండా అట్రాసిటీ చట్టాన్ని దళిత క్రైస్తవులకు వెంటనే వర్తింపజేయాలి. ఎవరిని ఆరాధిస్తారో దాచుకుంటే తప్ప దెబ్బ తగిలినప్పుడు ఫిర్యాదు చేయలేని పౌరుడికి 25వ అధికరణం ఇచ్చిన మత స్వేచ్ఛ ఉన్నట్టా, లేనట్టా?